నిప్పుబంతిని కొలిచిన కెమెరాలు

ఈ ఎపిసోడ్ రికార్డు చేసే ముందు ఒక చిన్న పని చేశాను. రాత్రి వంటింట్లో లైటు ఆర్పేసి, ఫోనులో స్లో మోషన్ పెట్టి, ఒక అగ్గిపుల్ల గీశాను. నా ఫోను సెకనుకి 240 బొమ్మలు తీస్తుంది. మామూలు కంటికి అగ్గిపుల్ల అంటే చర్రుమని ఒక వెలుగు, తర్వాత మంట. అంతే కదా. వీడియోలో అలా లేదు. ముందు పుల్ల తల దగ్గర కొంచెం పొగ. తర్వాత ఒక తెల్లటి వెలుగు ఉబ్బింది, రవ్వలు పక్కకి చిమ్మాయి. ఆ తర్వాత గానీ మనకి తెలిసిన పసుపుపచ్చ మంట నిలబడలేదు.

కానీ ఆ తెల్లటి ఉబ్బు ఉంది చూశారూ, అది నాకు సరిగ్గా దొరకలేదు. ఒక ఫ్రేములో అసలు లేదు. తర్వాతి ఫ్రేములో ఉంది, కాని ఆ చోటంతా సున్నం కొట్టినట్టు తెల్లగా మాడిపోయింది. అంటే పెరగడం మొత్తం రెండు బొమ్మల మధ్యలోనే జరిగిపోయింది. మరో నాలుగు పుల్లలు గీశాను, అదే పరిస్థితి. మా ఇంట్లోవాళ్లు వచ్చి గ్యాస్ అయిపోయిందా అని అడిగారు.

మంటని ఫొటో తియ్యడంలో ఉన్న రెండు కష్టాలూ ఇవే. ఒకటి, అది ఆగదు. రెండు, అది తన వెలుగుతో తనే వెలుగుతుంది. ఈ రెండోది అంత చిన్న విషయం కాదు. వేగంగా కదిలే వస్తువుని ఫొటో తియ్యాలంటే చీకట్లో ఒక్క మెరుపు మెరిపిస్తే సరిపోతుందని 1851లోనే టాల్బట్ అనే ఇంగ్లీషాయన చూపించాడు. లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో గిరగిర తిరిగే చక్రానికి ఒక న్యూస్‌పేపరు ముక్క అతికించి, విద్యుత్ రవ్వ వెలుగులో ఫొటో తీస్తే అక్షరాలు చదవగలిగేంత స్పష్టంగా వచ్చాయి. అక్కడ కెమెరా మూత తెరిచే ఉంది, మెరుపే మూతలా పనిచేసింది. తర్వాత ఎగిరే తుపాకీ గుండ్లనీ, పగిలే బల్బులనీ తీసిన వాళ్లందరిదీ ఇదే పద్ధతి. మంట దగ్గర ఇది పనికిరాదు. మంటే దీపం. దాన్ని ఆర్పి, మన మెరుపు వచ్చినప్పుడు మాత్రమే వెలిగించలేం కదా. కాబట్టి మంటని ఆపాలంటే కెమెరాలోనే ఏదో చెయ్యాలి. ఈరోజు మనం చెప్పుకునేది ఆ "ఏదో" గురించే.

మొట్టమొదట ఈ పనికి పూనుకున్న వాళ్లు ఫొటోగ్రాఫర్లు కాదు, గనుల ఇంజనీర్లు. ఫ్రాన్స్‌లో మల్లార్, లె షాటెలియర్ అని ఇద్దరు. లె షాటెలియర్ పేరు మీకు తెలుసు. ఇంటర్ కెమిస్ట్రీలో ఆయన సూత్రం బట్టీపట్టని వాళ్లుండరు. ఆయన అసలు ఉద్యోగం పారిస్ గనుల కాలేజీలో. బొగ్గు గనుల్లో మీథేన్ గ్యాసు పోగవుతుంది. ఎక్కడో ఒక చిన్న నిప్పు తగిలితే పేలుతుంది, లోపల ఉన్నవాళ్లు పోతారు. ఫ్రెంచి ప్రభుత్వం దీని మీద ఒక కమిషన్ వేసింది. వీళ్లిద్దరికీ వచ్చిన ప్రశ్న సూటిగా ఉంది: గ్యాసులో మంట ఎంత వేగంగా పాకుతుంది?

వాళ్లు చేసిన ఏర్పాటు ఎంత తేలికైనదో చూడండి. ఒక పొడుగాటి గాజు గొట్టం, అందులో మండే వాయువు. ఒక చివర అంటిస్తే మంట ఇటు నుంచి అటు అడ్డంగా పాకుతుంది. ఎదురుగా కెమెరా. అయితే కెమెరాలో ఫొటో కాగితం నిలకడగా ఉండదు, ఒక డోలు మీద చుట్టి తిప్పుతారు, పైనుంచి కిందికి. మంట అడ్డంగా పోతోంది, కాగితం నిలువుగా పోతోంది. అప్పుడు కాగితం మీద ఏం పడుతుంది? ఏటవాలు గీత. గీత వాలుని బట్టి మంట వేగం తెలుస్తుంది. డోలు ఎంత వేగంగా తిరిగిందో తెలిస్తే చాలు.

బొమ్మగా చూస్తే అందులో ఏమీ లేదు. మంట ఆకారం లేదు, రంగు లేదు, ఒక తెల్ల గీత. కాని ఆ గీత మొదట తిన్నగా ఉంది, అంటే మంట ఒకే వేగంతో పోతోంది. తర్వాత గీత రంపం పళ్లలా అయింది, అంటే మంట ముందుకీ వెనక్కీ ఊగుతోంది. కొన్నిసార్లు ఉన్నట్టుండి గీత దాదాపు అడ్డంగా పడిపోయింది. అంటే మంట ఒక్కసారిగా సెకనుకి వేల మీటర్ల వేగం అందుకుంది. మన గ్యాసు స్టవ్వు మంట గాలిలో కలిసిన గ్యాసులోకి పాకే వేగం సెకనుకి అర మీటరు కూడా ఉండదు. అదే గ్యాసు పరిస్థితులు కుదిరితే రెండు వేల మీటర్లు. ఇంగ్లీషులో డిటోనేషన్ అంటారు, మనం విస్ఫోటన తరంగం అందాం. మంట పాకడం వేరు, విస్ఫోటనం వేరు అన్న తేడా కాగితం మీద కనిపించింది ఇక్కడే. 1883లో వాళ్లిద్దరూ దీన్నంతా ప్రచురించారు. ఇందులో ఒక తమాషా ఉంది. బొగ్గుగని గ్యాసు మంట ఆనాటి ఫొటో కాగితానికి చాలినంత వెలుగు ఇవ్వదు. అందుకని ఫొటోల కోసం కార్బన్ డైసల్ఫైడ్ ఆవిరి కలిపిన, నీలంగా బాగా వెలిగే మిశ్రమం వాడారు.

ఇక్కడి నుంచి ఓ అరవై ఏళ్లు దాటేద్దాం. మధ్యలో చాలామంది చాలా చేశారు గానీ, మన కథకి కావలసిన తర్వాతి వస్తువు ఒక కెమెరా. పేరు ఫాస్టాక్స్. అమెరికాలో బెల్ టెలిఫోన్ లాబొరేటరీస్ వాళ్లు తయారుచేశారు. ఎందుకంటే టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో రిలేలు టకటక కొట్టుకునేటప్పుడు వాటి పలకలు ఎలా ఎగిరెగిరి పడుతున్నాయో చూడ్డానికి. అంత మామూలు అవసరం.

సినిమా కెమెరాలో ఫిల్ము ఆగి ఆగి నడుస్తుంది. ఒక ఫ్రేము వచ్చి ఆగుతుంది, మూత తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, పళ్లచక్రం తర్వాతి ఫ్రేముని లాగుతుంది. సెకనుకి కొన్ని వందలు దాటాక ఇలా లాగితే ఫిల్ము చిరిగిపోతుంది. ఫాస్టాక్స్‌లో ఫిల్ము ఆగదు, ఒకే పరుగు. లెన్సుకీ ఫిల్ముకీ మధ్య ఒక గాజు పట్టకం తిరుగుతూ ఉంటుంది. అది తిరుగుతూ బొమ్మని ఫిల్ముతో పాటే కిందికి జరుపుతుంది. కాబట్టి ఫిల్ము దృష్టిలో బొమ్మ కదలనట్టే. 16 మిల్లీమీటర్ల ఫిల్ము 100 అడుగుల చుట్టలో 4,000 ఫ్రేములు పడతాయి. సెకనుకి 4,000 చొప్పున తీస్తే చుట్ట మొత్తం సుమారు ఒక సెకను. దాన్ని సినిమాలా 24 చొప్పున ఆడిస్తే రెండు ముప్పావు నిమిషాలు.

ఇందులో రెండు చిక్కులు. ఒక సెకనులో అయిపోయే చుట్టకి ఎప్పుడు మొదలుపెట్టాలో కచ్చితంగా తెలియాలి, మనిషి బటన్ నొక్కితే కుదరదు. రెండోది, ఫిల్ము ఆగి ఉన్న చోటి నుంచి బయల్దేరి వేగం అందుకుంటుంది, అంటే మొదట్లో తక్కువ, చివర్లో ఎక్కువ. ఏ ఫ్రేముకీ ఏ ఫ్రేముకీ మధ్య ఎంత కాలం గడిచిందో ఎలా చెప్పాలి? అందుకని కెమెరాలో ఒక చిన్న నియాన్ దీపం పెట్టారు. అది ఠంచనుగా ఒకే లయలో మిణుకుతూ ఫిల్ము అంచు మీద చుక్కలు వేస్తుంది. చుక్కలు దూరంగా ఉంటే ఫిల్ము వేగంగా పోయినట్టు. ఈ చుక్కలు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాయి.

1945 జులై 16. అమెరికాలో న్యూమెక్సికో ఎడారి. తెల్లవారుజామున 5:29కి, 100 అడుగుల ఉక్కు టవరు మీద మొట్టమొదటి అణుబాంబు పేలింది. ట్రినిటీ పరీక్ష అంటారు. నిర్మానుష్యమైన ఎడారి అని పుస్తకాల్లో రాసేస్తారు గానీ, చుట్టుపక్కల పశువుల మేతభూముల్లో కాపురాలున్నాయి. వాళ్లకెవరికీ ముందు చెప్పలేదు. దాని గురించి విడిగా ఒక ఎపిసోడ్ చెయ్యాలి, ఈరోజు కెమెరాల దగ్గరే ఉందాం.

అక్కడ 50కి పైగా కెమెరాలు పెట్టారు. ఫొటోగ్రఫీ బాధ్యత బెర్లిన్ బ్రిక్స్‌నర్‌ది. ఎవ్వరూ ఎప్పుడూ చూడని వెలుగుని తియ్యాలి. ఎంత వెలుగుంటుందో లెక్కలే తప్ప ఎవరికీ అనుభవం లేదు. ఎక్స్‌పోజరు ఎంత పెట్టాలి? అందుకని ఒక్కో కెమెరాకి ఒక్కోలా పెట్టారు. కొన్ని నిప్పుబంతి నడినెత్తిన మాడే వెలుగుకి, కొన్ని పది సెకన్ల తర్వాత చల్లారే మబ్బుకి. కొన్ని ఫాస్టాక్సులు టవరుకి 800 గజాల దూరంలోనే, సీసపు పలకల పెట్టెల్లో పెట్టారు. సీసం ఎందుకంటే బాంబు నుంచి వచ్చే రేడియేషన్ ఫిల్ముని నేరుగా నల్లబరుస్తుంది, లెన్సుతో పనిలేకుండా.

బ్రిక్స్‌నర్ స్వయంగా 10,000 గజాల దూరంలో, అంటే తొమ్మిది కిలోమీటర్లలో, ఉత్తరం వైపు బంకరు దగ్గర ఒక సినిమా కెమెరా పట్టుకుని కూర్చున్నారు. వెల్డింగ్ చేసేవాళ్లు వాడే లాంటి నల్ల అద్దం అడ్డం పెట్టుకున్నారు. ఆయన పని, నిప్పుబంతి పైకి లేస్తుంటే కెమెరాని దాని వెంట పైకి తిప్పడం. తీరా పేలాక, ఆ వెలుగు చూసి ఆయన కెమెరా తిప్పడమే మరిచిపోయారు. కాసేపటికి తేరుకుని గబుక్కున పైకి ఎత్తారు. ఆ కుదుపు ఇప్పటికీ ఆ ఫిల్ములో కనబడుతుంది. నాకు ట్రినిటీ ఫిల్ములన్నిట్లో అదే ఇష్టం. మిగతావి యంత్రాలు తీసినవి. ఇది మాత్రం ఒక మనిషి అక్కడ ఉన్నాడని చెబుతుంది.

ఇక ఆ రోజు బాగా వచ్చిన కలర్ ఫొటో ఒకే ఒక్కటి. అది తీసింది ఫొటోగ్రఫీ బృందం కాదు. జాక్ ఏబీ అని అక్కడే పనిచేసే ఒక కుర్రాడు, తన సొంత కెమెరాతో.

సరే, యంత్రాలు తీసిన వాటిల్లో ఏముంది? మీలో చాలామంది చూసే ఉంటారు: నల్లటి ఆకాశం కింద, నేల మీద బోర్లించిన గాజు గిన్నెలా ఒక వెలుగు బుడగ. కింద ఒక మూల 0.025 సెకన్లు అని, 100 మీటర్ల కొలగీత. సెకనులో నలభయ్యో వంతులో ఆ బుడగ వ్యాసార్ధం సుమారు 140 మీటర్లు. ఇక్కడ మంట అన్న మాట కూడా సరిపోదు. అక్కడ ఏదీ కాలడం లేదు. బాంబు శక్తికి గాలే వేడెక్కి వెలుగుతోంది.

ఈ బొమ్మ చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒక కథ తిరుగుతుంటుంది. మీరూ వినే ఉంటారు. జి. ఐ. టేలర్ అని ఇంగ్లండులో ఒక ప్రొఫెసర్. అమెరికా వాళ్లు బాంబు శక్తిని పరమ రహస్యంగా దాచారు. ఈయన ఏదో పత్రికలో ఈ ఫొటో చూసి, ఒక కాగితం మీద నాలుగు లెక్కలు వేసి శక్తి ఎంతో చెప్పేశాడు, అమెరికా వాళ్లు గుండెలు బాదుకున్నారు. వినడానికి బాగుంటుంది. కాని అలా జరగలేదు. టేలర్ బయటివాడు కాదు, ట్రినిటీ పేలుడుని స్వయంగా చూసిన బ్రిటిష్ శాస్త్రవేత్తల్లో ఒకరు. అణుబాంబు పేలితే గాలిలో తరంగం ఎలా వ్యాపిస్తుందో 1941లోనే, అసలు బాంబు అనేది లేకముందే, ఆయన లెక్క కట్టి రిపోర్టు ఇచ్చారు. శక్తి సుమారుగా ఎంతన్నది కూడా అంత రహస్యమేం కాదు. హిరోషిమా రోజునే అధ్యక్షుడు ట్రూమన్ ప్రకటనలో 20,000 టన్నుల టీఎన్‌టీకి మించి అని ఉంది. ఫొటోలేమో, లాస్ అలమోస్‌లో ఆప్టిక్స్ బృందం చూసిన జూలియన్ మాక్ 1947లో విడుదల చేసిన రిపోర్టులోవి.

నిజంగా జరిగిందే నాకు ఎక్కువ నచ్చుతుంది. ఆయన చూడాలనుకున్నది బాంబు రహస్యం కాదు, తన 1941 లెక్క సరైనదా కాదా అని. ఆ లెక్క ప్రకారం బుడగ వ్యాసార్ధం ఐదో ఘాతం, కాలం వర్గంతో పాటు పెరగాలి. ఆయన ఫొటోల్లోంచి వరసగా వ్యాసార్ధాలు కొలిచి గ్రాఫు మీద పెట్టారు. చుక్కలన్నీ ఒకే సరళరేఖ మీద పడ్డాయి. తొమ్మిదేళ్ల కింద కాగితం మీద రాసుకున్నదాన్ని నిప్పుబంతి అక్షరాలా పాటించింది.

ఆ లెక్క మనమే చేసి చూద్దాం, పెన్నూ కాగితం తీసుకోండి. ఇంటర్ ఫిజిక్సులో మితులు చదివిన వాళ్లకి ఇంకా తేలిక. శక్తి కావాలంటే, వ్యాసార్ధాన్ని అయిదుసార్లు గుణించి, గాలి సాంద్రతతో గుణించి, కాలాన్ని రెండుసార్లు గుణించిన దాంతో భాగించాలి. ముందు ఒక స్థిరసంఖ్య ఉంటుంది గానీ అది ఒకటికి దగ్గరే, వదిలేద్దాం. 140ని అయిదుసార్లు గుణిస్తే సుమారు 5,378 కోట్లు. ఆ ఎడారి సముద్రమట్టానికి ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ గాలి ఘనపు మీటరుకి దాదాపు ఒక కిలో. కాలం 0.025, దాని వర్గం 0.000625. భాగిస్తే 86 లక్షల కోట్ల జౌళ్లు. వెయ్యి టన్నుల టీఎన్‌టీ అంటే 4.18 లక్షల కోట్ల జౌళ్లు. అంటే 20,000 టన్నులకి కాస్త పైన. టేలర్ ఇంకా జాగ్రత్తగా లెక్కవేసి 16,800 టన్నులు అన్నారు. చాలాకాలం అధికారిక సంఖ్య 21,000. ఈమధ్య, 2021లో, లాస్ అలమోస్ వాళ్లు మళ్లీ కొలిచి 24,800 దగ్గర పెట్టారు. మనం ఒక ఫొటో, ఒక స్కేలు, ఒక గడియారంతో ఇంత దగ్గరికి వచ్చాం. గడియారం అంటే అదే, ఫిల్ము అంచు మీది చుక్కలు. చుక్కలు లేకపోతే ఆ ఫొటో ఒక వింత బుడగ బొమ్మ మాత్రమే.

యుద్ధం అయ్యాక ఫాస్టాక్సు వేగం కూడా చాలలేదు. మొదటి మిల్లీసెకనులో నాలుగైదు ఫ్రేములు పడితే అందులో ఏం తెలుస్తుంది? అప్పుడు వచ్చారు హరాల్డ్ ఎడ్జర్టన్. ఎంఐటీ ప్రొఫెసరు, నెబ్రాస్కా పల్లెటూరి మనిషి. పాలచుక్క పడితే లేచే కిరీటం ఫొటో చూశారా? ఆయనదే. తన శిష్యులు జెర్మ్‌స్‌హౌసెన్, గ్రియర్‌లతో కలిసి 1947లో ఈజీ అండ్ జీ అని కంపెనీ పెట్టారు. 1950ల మొదట్లో వాళ్ల రాపట్రానిక్ కెమెరా వచ్చింది. ఒక్కో కెమెరా ఒకే ఒక్క ఫొటో తీస్తుంది. అందుకని వరసగా పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి పేల్చేవాళ్లు, మన చిచ్చుబుడ్లు వరస పెట్టినట్టు. ఒక్కో ఫొటో సెకనులో కొన్ని మిలియన్ల వంతు, మామూలుగా మూడు మైక్రోసెకన్లు.

అంత వేగంగా తెరుచుకుని మూసుకునే మూత ఏ లోహంతో చేస్తారు? ఏ లోహంతోనూ చెయ్యలేరు. కదిలేది ఏదైనా ఆలస్యమే. అందుకని కదలని మూత చేశారు. రెండు పోలరాయిడ్ అద్దాలని ఒకదానికొకటి అడ్డంగా పెడితే వెలుగు ఆగిపోతుంది, చలవ కళ్లద్దాలు రెండు పట్టుకుని మీరే చూడొచ్చు. వాటి మధ్య ఒక బరువైన గాజు దిమ్మ, దాని చుట్టూ రాగి తీగ. తీగలోకి ఒక్క క్షణం భారీ కరెంటు వదిలితే, అయస్కాంత క్షేత్రం వల్ల గాజులో వెలుగు మెలి తిరిగి రెండో అద్దంలోంచి బయటికొచ్చేస్తుంది. కరెంటు పోగానే మళ్లీ చీకటి. ఈ మెలిక కనిపెట్టింది మైకేల్ ఫారడే, 1845లో. కొవ్వొత్తి మంట మీద పిల్లలకి క్రిస్మస్ ఉపన్యాసాలు ఇచ్చిన ఫారడేనే.

ఈ రాపట్రానిక్ ఫొటోలు చూస్తే కొందరికి ఒళ్లు జలదరిస్తుంది. నిప్పుబంతి గుండ్రంగా ఉండదు. మచ్చలు మచ్చలుగా, ఏదో కుళ్లిన పండులా ఉంటుంది. అడుగున నేలవైపు కోరల్లా ముళ్లు పొడుచుకొచ్చి ఉంటాయి. ముందుభాగంలో ఎడారి చెట్లు నల్లగా, ఇంకా నిలబడే ఉంటాయి. వాటికి ఇంకా ఏమీ చేరలేదు. మచ్చలు బాంబు తొడుగు ముక్కలు ఆవిరై లోపలి నుంచి తరంగాన్ని కొట్టడం వల్ల. మరి ఆ ముళ్లేమిటి? జాన్ మాలిక్ అనే శాస్త్రవేత్త తేల్చారు. టవరుని నిలబెట్టే ఉక్కు తాళ్లు నిప్పుబంతి తాకకముందే దాని వెలుగుకే ఆవిరైపోతున్నాయి. నిజమా కాదా అని పరీక్ష కూడా చేశారు: కొన్ని తాళ్లకి నల్లరంగు వేశారు, కొన్నింటికి తళతళలాడే రేకు చుట్టారు. నల్ల తాళ్ల దగ్గర ముళ్లు పెద్దవయ్యాయి, రేకు చుట్టిన వాటి దగ్గర రాలేదు. ఎండలో నల్ల గొడుగు ఎక్కువ కాలుతుందన్న సంగతే, సెకనులో లక్షో వంతుల లెక్కలో. మాలిక్ పేరు కూడా గుర్తుంచుకోండి.

మరో సంగతి చెప్పి ముందుకెళ్తాను. ఈ నిప్పుబంతి రెండుసార్లు మెరుస్తుంది. మొదటి మెరుపు తర్వాత, వేడి తరంగం తన లోపలి వెలుగుకి తనే తెరలా అడ్డం పడుతుంది. అది చల్లబడి పారదర్శకం అయ్యాక లోపలిది మళ్లీ బయటికొస్తుంది. కంటికి తెలీదు గానీ పరికరానికి తెలుస్తుంది. రెండు మెరుపుల మధ్య కాలాన్ని బట్టి బాంబు శక్తి చెప్పొచ్చు. ఆ పరికరానికి ఫ్రెడరిక్ రైన్స్ అనే ఆయన పెట్టిన పేరు భాంగ్‌మీటర్. బ్యాంగ్ కాదండీ, మన భంగు. ఇది పనిచేస్తుందని నమ్మేవాడు భంగు తాగి ఉండాలని జోకు. తర్వాత ఆయనకి వేరే పనికి నోబెల్ వచ్చింది.

1963లో ఒప్పందం కుదిరి అమెరికా, రష్యా, బ్రిటన్ గాలిలో పరీక్షలు మానేశాయి. అప్పటికి అమెరికా ఒక్కటే 210 సార్లు గాలిలో పేల్చింది. వాటికి సుమారు 10,000 ఫిల్ములు ఉన్నాయి. అవన్నీ ఎక్కడెక్కడో గోదాముల్లో డబ్బాల్లో యాభై ఏళ్లు పడున్నాయి. కాలిఫోర్నియాలో లివర్‌మోర్ ప్రయోగశాలలో గ్రెగ్ స్ప్రిగ్స్ అనే భౌతికశాస్త్రవేత్త వాటిని వెతికి పోగుచెయ్యడం మొదలుపెట్టారు. 2017 నాటికి 6,500 దాకా దొరికాయి. డబ్బా మూత తీస్తే వెనిగర్ వాసన. ఫిల్ము కుళ్లుతోందని అర్థం. పాత సినిమా రీళ్లకి పట్టే రోగమే.

స్కాన్ చేసి కంప్యూటరుతో మళ్లీ కొలిస్తే, పాత సంఖ్యలు కొన్ని 20 శాతం, 30 శాతం తప్పని తేలింది. తప్పు కెమెరాది కాదు. 1950లలో ఫిల్ముని ఒక్కో ఫ్రేమూ తెరమీద వేసి, మనిషి కంటితో చూసి, నిప్పుబంతి అంచు ఇక్కడ అని చేత్తో గుర్తుపెట్టేవాడు. వేల ఫ్రేములు. పొగమంచులా చెదిరిన అంచు ఎక్కడ మొదలైందని ఇద్దరిని అడిగితే రెండు జవాబులొస్తాయి. వ్యాసార్ధం అయిదుసార్లు గుణించాలని చెప్పుకున్నాం కదా. వ్యాసార్ధంలో అయిదు శాతం పొరపాటు పడితే శక్తిలో పాతిక శాతం పైగా తేడా వస్తుంది.

ఫిల్ము ఉంది కాబట్టి మళ్లీ కొలిచారు. ఫిల్మే లేకపోతే? ఈ ఎపిసోడ్ చెయ్యడానికి అసలు కారణం ఈ ప్రశ్నే.

1945 ఆగస్టు 6న హిరోషిమా మీదికి వెళ్లిన విమానాల్లో ఒకటి ఫొటోల విమానం. అందులో బెర్నార్డ్ వాల్డ్‌మన్ అనే భౌతికశాస్త్రవేత్త ఒక ఫాస్టాక్స్ కెమెరాతో కూర్చున్నారు. ట్రినిటీలో వాడిన రకమే. కాని ఆ చుట్ట మీద పనికొచ్చే బొమ్మ ఒక్కటీ రాలేదు. పక్క విమానంలోంచి హరాల్డ్ ఆగ్న్యూ చేతి కెమెరాతో తీసిన మబ్బు సినిమా ఉంది, మీరు డాక్యుమెంటరీల్లో చూసేది అదే. అది పేలిన తర్వాత లేచిన మబ్బు. నిప్పుబంతి పెరుగుతున్న ఫ్రేములు లేవు.

ఎడారిలో పేలినదానికి మిల్లీసెకను మిల్లీసెకనుకీ లెక్క ఉంది. ఊరి మీద పేలినదానికి లేదు. పైగా హిరోషిమా బాంబు యురేనియం బాంబు. ఆ నమూనాని అంతకుముందు పరీక్షించలేదు, తర్వాతా పేల్చలేదు. నాగసాకి బాంబుకైతే ట్రినిటీ ఉంది. దీనికి అదొక్కసారే.

దాంతో శక్తిని వెనక నుంచి ఊహించాల్సి వచ్చింది. విమానం నుంచి పారాచూట్లతో వదిలిన పీడన పరికరాలు పంపిన సంకేతాలు ఉన్నాయి. విలియం పెన్నీ అనే బ్రిటిష్ ఆయన పెట్రోలు డబ్బాలు ఎంత నలిగాయి, స్తంభాలు ఎంత వంగాయి అని కొలుచుకుంటూ తిరిగారు. 1965లో ఒక లెక్కలో 12,500 టన్నులు అనుకున్నారు. 1985లో, ముళ్ల రహస్యం విప్పిన ఆ జాన్ మాలికే, దొరికిన ఆధారాలన్నీ కూర్చి 15,000 టన్నులు, అటూ ఇటూ 3,000 అని తేల్చారు. 2002 నాటి లెక్క 16,000 అంది.

ఇన్నేళ్లు ఇంత పట్టుదల ఎందుకు? బాంబు మీద మోజుతో కాదు. హిరోషిమా, నాగసాకి వాసులు సుమారు 1,20,000 మంది ఆరోగ్యాన్ని దశాబ్దాలుగా గమనిస్తున్నారు. ఎవరికి క్యాన్సరు వచ్చింది, ఎవరికి రాలేదు. ఎంత రేడియేషనుకి ఎంత ముప్పు అన్నది ప్రపంచం ముఖ్యంగా వాళ్ల నుంచే నేర్చుకుంది. మన ఊళ్లో ఎక్స్‌రే గదిలో టెక్నీషియన్ చొక్కాకి పెట్టుకునే చిన్న బ్యాడ్జి ఉంటుంది చూడండి, దాని మీద ఏడాదికి ఎంత దాటకూడదు అనే హద్దు వెనక ఉన్నది ఆ మనుషులే. క్యాన్సరు వచ్చిందా లేదా అన్నది తెలుసు. వాళ్ల ఒంటికి ఆ ఉదయం ఎంత తగిలిందన్నది మాత్రం బాంబు శక్తిని, పేలిన ఎత్తుని బట్టి లెక్క కట్టాల్సిందే. ఆ సంఖ్య మారిన ప్రతిసారీ పట్టికలన్నీ మళ్లీ రాశారు.

ఆ ఉదయం నేల మీద మాత్రం ఒక కెమెరా పనిచేసింది. మత్సుషిగే యోషితో, అక్కడి చుగోకు షింబున్ పత్రిక ఫొటోగ్రాఫరు. పదకొండు గంటల ప్రాంతంలో, పేలిన చోటికి రెండు కిలోమీటర్ల అవతల మియుకి వంతెన దగ్గర ఒళ్లు కాలిన పిల్లలూ పెద్దలూ గుమిగూడి ఉంటే చాలాసేపు మీట నొక్కలేకపోయారు. కన్నీళ్లకి వ్యూఫైండరు మసకబారిందని తర్వాత చెప్పారు. రోజంతా ఊళ్లో తిరిగి ఆయన తీసినవాటిలో మిగిలినవి అయిదే ఫొటోలు. డార్క్‌రూము లేక ఆ ఫిల్ముని రాత్రిపూట ఆరుబయట డెవలప్ చేసి, వాగు నీళ్లలో కడిగి, చెట్టు కొమ్మకి ఆరేశారు.

ఈ ఎపిసోడ్‌కి ఇంతేనండి. అగ్గిపుల్ల వీడియో చివర్లో పెడుతున్నాను, ఆ తెల్లగా మాడిపోయిన ఫ్రేము దగ్గర ఒకసారి ఆపి చూడండి.